డిప్రెషన్ సంగతి కాలేజీ అప్లికేషన్‌లో రాయాలా? ఒక కేస్ స్టడీ

నేపథ్యం

అమెరికాలో హైస్కూల్ చివరి ఏడాది పిల్లలకు కాలేజీ అప్లికేషన్ ఎస్సేల విషయంలో, అంటే సీటు కోసం తమ గురించి తాము రాసి పంపే వ్యాసాల విషయంలో, సాయం చేయడం నా పని. ఈ కేసులోని అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు సరేనన్నాకే ఇది రాస్తున్నాను. ఊరు, స్కూలు వదిలేశాను. కోర్సులు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. మేం ఏ దశలో ఏం ఆలోచించాం, ఎందుకు అటు మొగ్గాం అన్నది మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది.

పదో తరగతి దాకా ఆ అమ్మాయికి దాదాపు అన్నీ ఏ గ్రేడ్లే. పదకొండో తరగతి మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టుల్లో సీ గ్రేడ్లు వచ్చాయి. ఏపీ కెమిస్ట్రీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) మధ్యలో వదిలేయడంతో ట్రాన్స్‌క్రిప్ట్ మీద, అంటే స్కూల్ ఇచ్చే గ్రేడ్ల పట్టీ మీద, దాని పక్కన డబ్ల్యూ (విత్‌డ్రా, కోర్సు మానేసినట్టు గుర్తు) పడింది. రెండో సెమిస్టర్‌కి మళ్లీ ఏలు, ఒక్క బీ. కాగితం మీద చూస్తే అంతవరకూ సాఫీగా సాగిన వరుసలో ఒకచోట గొయ్యి పడ్డట్టు కనిపిస్తుంది. ఆ గొయ్యి పేరు డిప్రెషన్. కొన్ని వారాలు స్కూల్ మానేసి, పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే ఆస్పత్రి ప్రోగ్రామ్‌లో చికిత్స తీసుకుంది. నా దగ్గరికి వచ్చేటప్పటికి తేరుకుంది. థెరపిస్ట్ దగ్గరికి వెళ్తూనే ఉంది.

మొదటి మీటింగ్: ముగ్గురికి మూడు మాటలు

తండ్రి విషయానికి సూటిగా వచ్చేశారు. "అందరూ లేని కష్టాలు కూడా తెచ్చిపెట్టుకుని రాస్తున్నారండీ. మన దగ్గర నిజంగానే ఉంది కదా, రాయకపోతే ఎలా?"

వినడానికి మొరటుగా ఉన్నా, ఆయన ఆ మాట గాల్లోంచి తేలేదు. 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, అడ్మిషన్లలో జాతిని నేరుగా లెక్కలోకి తీసుకోవడం ఆగిపోయింది. కానీ జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో విద్యార్థి స్వయంగా రాసుకుంటే, అది ఆ వ్యక్తి ధైర్యానికో పట్టుదలకో ముడిపడి ఉన్నంతవరకు పరిగణించవచ్చని ఆ తీర్పులోనే ఉంది. తల్లిదండ్రుల మాటల్లో చేతులు మారి మారి, చివరికి అది "కష్టం రాస్తే సీటొస్తుంది" అన్న సలహాగా తేలింది. జాతితో ఏ సంబంధమూ లేని ఇళ్లలో కూడా ఆ టెన్షన్ మొదలైంది.

తల్లిది దానికి పూర్తిగా ఎదురు వాదన. "ఒక్క ముక్క కూడా బయటికి పోవడానికి వీల్లేదండీ. ఈ పిల్ల హాస్టల్లో తట్టుకోలేదేమో అనుకోరూ?"

ఈ భయాన్ని కొట్టిపారేయలేను. వైకల్యాన్ని, అందులో భాగంగా మానసిక అనారోగ్యాన్ని, కారణంగా చూపి విద్యార్థి పట్ల వివక్ష చూపకూడదని 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టం 504వ సెక్షన్, 1990 నాటి వికలాంగుల చట్టం చెబుతున్నాయి. అయినా మానసిక ఆరోగ్యం కారణంగా విద్యార్థులను సెలవు మీద పంపే పద్ధతుల మీద స్టాన్‌ఫర్డ్ మీద, యేల్ మీద కేసులు పడ్డాయి. స్టాన్‌ఫర్డ్ 2019లో, యేల్ 2023లో రాజీ చేసుకుని తమ నిబంధనలు మార్చుకున్నాయి. అవి చేరిన తర్వాతి సంగతులు, అడ్మిషన్ దశవి కావు. కానీ కాలేజీలు ఈ విషయంలో కంగారు పడతాయి అని ఒక తల్లి అనుకుంటే, ఆమెకు ఆధారం ఉంది. చదివేవాళ్ల మనసులో ఒక్క క్షణం వచ్చే తటపటాయింపును ఏ చట్టమూ పట్టుకోలేదు.

అమ్మాయి అంతసేపూ మాట్లాడలేదు. హూడీ తాడు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. నువ్వేమంటావమ్మా అని అడిగితే, "నాకు వేరే ఏం రాయాలో తెలీట్లేదు ఆంటీ. ఇంతకన్నా పెద్దది నా లైఫ్‌లో ఏం జరగలేదు" అంది.

ముగ్గురి మాటల్లోనూ నాకు పనికొచ్చింది ఇదే. తల్లిదండ్రులు వాదిస్తున్నది ఫలితం గురించి. అమ్మాయి చెబుతున్నది వేరు: జీవితంలో జరిగిన అతి పెద్ద సంఘటనే ఎస్సే అవ్వాలన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని మాటలతో తీసేయలేం. రాయించి చూడాలి.

మొదటి ప్రయత్నం: ఉన్నదున్నట్టు

రాయమనే ముందు ఒక సంగతి కనుక్కున్నాను: ఇది రాయబోతున్నట్టు మీ థెరపిస్ట్‌కి తెలుసా? తెలియదంది. చెప్పాకే మొదలుపెడదాం అన్నాను. నేను థెరపిస్ట్‌ని కాను. ఒక జ్ఞాపకాన్ని తవ్వి తీయడం మంచిదో కాదో తేల్చే చదువు నాకు లేదు. థెరపిస్ట్ ద్వారా వచ్చిన జవాబు నన్ను బాగా ఆలోచింపజేసింది. రాయడానికి అభ్యంతరం లేదు, కానీ అదే పేరాని ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా పదేపదే దిద్దుతూ కూర్చోవద్దు అన్నారట. చాలా కాలేజీలకు ఒకే ఫారంతో అప్లై చేసుకునే కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ముందస్తు అప్లికేషన్లకు చాలా కాలేజీల గడువు నవంబర్ 1. ఈ మధ్యలో ఒక ఎస్సే ఎన్ని చేతులు మారుతుందో, ఎన్నిసార్లు తిరగరాస్తారో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆస్పత్రి గదిని ఎస్సేలో పెట్టడమంటే మూడు నెలలు మళ్లీ ఆ గదిలో ఉండటమే. రాస్తే సీటు వస్తుందా రాదా అని అందరూ అడుగుతారు గానీ, రాసినంత కాలం పిల్ల మీద పడే భారం గురించి ఎవరూ అడగరు.

డ్రాఫ్ట్ వచ్చింది. కామన్ యాప్ హద్దు 650 పదాలు, దానికి కొంచెం లోపల ఆపింది. రచనగా చూస్తే బాగుంది. అడుగున రబ్బరు చుక్కలున్న ఆస్పత్రి సాక్సులు, లోపలికి వెళ్లేటప్పుడు హూడీ తాడు పీకేసి కవర్లో వేసి పేరు రాసి పెట్టడం, గోడ మీద బొమ్మల్లో కోపం, దిగులు, సంతోషం ముఖాలు. ఇలాంటివి కల్పిస్తే రావు.

నేను చేసిన పని ఒక్కటే. ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీసి, ఆ పని ఎవరు చేస్తున్నారో పక్కన రాశాను. నర్సు చెప్పింది. డాక్టర్ మందు మార్చారు. అమ్మ కారులో తీసుకెళ్లింది. థెరపిస్ట్ అడిగింది. అమ్మాయి కర్తగా ఉన్న వాక్యాలు తక్కువ, వాటిలోనూ ఎక్కువ భాగం "కూర్చున్నాను", "చూశాను". అది ఆమె తప్పు కాదు, అనారోగ్యం అలాగే ఉంటుంది. కానీ ఎస్సే పూర్తి చేసిన వ్యక్తికి ఆ వార్డు కళ్లకు కడుతుంది, ఈ అమ్మాయి క్లాసులో ఎలాంటి మనిషో తెలియదు. ఆ గీతలు చూపిస్తే తనే అంది, "ఇందులో నేను ఎక్కడున్నాను?" అని.

అదే డ్రాఫ్ట్‌లో చివరి పేరాలో "ఇప్పటికీ కొన్ని రాత్రులు అది వెనక్కి వస్తుంది" అన్న వాక్యం ఉంది. అక్కడ ఎడిటింగ్ ఆపేశాను. "అది అంటే ఏంటమ్మా? చనిపోవాలన్న ఆలోచనా?" అని ముసుగు లేకుండా అడిగాను. కాదు, నిద్ర పట్టకపోవడం అంది. ఆ వాక్యాన్ని థెరపిస్ట్‌కి చూపించమన్నాను, చూపించింది. జవాబు వేరేగా ఉండి ఉంటే ఎస్సే పక్కకు పోయేది, ఆ రోజే తల్లిదండ్రులకు, థెరపిస్ట్‌కి చెప్పేదాన్ని. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినప్పుడు ఫోన్ చేసే అమెరికా హెల్ప్‌లైన్ 988 నంబర్ ఇంటిల్లిపాది ఫోన్లలో ఉండేలా చూసేదాన్ని. ఇందులో ఎస్సేకి సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. నాకొచ్చిన అనుమానమే అడ్మిషన్ ఆఫీసులో చదివే వ్యక్తికీ వస్తుంది. వాళ్లు నాలా పక్కన కూర్చుని అడగలేరు. స్కూల్ కౌన్సెలర్‌కి ఫోన్ చేయవచ్చు, లేదా ఊహతోనే ముందుకెళ్లవచ్చు.

రెండో ప్రయత్నం: ముసుగు వేసి

తల్లి అడిగిన రాజీ ఇది. విషయం ఉండాలి, పేరు ఉండకూడదు. "ఒక కష్టకాలం", "మబ్బు కమ్మిన రోజులు", "నన్ను నేను తిరిగి కనుక్కున్నాను" లాంటి మాటలతో ఇంకో డ్రాఫ్ట్ తయారైంది. కుటుంబం అనుమతితో, వివరాలు తీసేసి, నాతోపాటు ఈ పని చేసే ఒకావిడకు ఆ డ్రాఫ్ట్, గ్రేడ్ల వరుస ఇచ్చి ఏం అర్థమైందో చెప్పమన్నాను. ఇంట్లో ఎవరో పోయి ఉండాలి, లేదంటే స్కూల్లో ఏదో క్రమశిక్షణ చర్య జరిగి ఉండాలి అన్నారావిడ. దాచిన విషయం కంటే ఊహించుకున్నది ఎక్కువ చేటు చేసేలా ఉంది. ఆ డ్రాఫ్ట్ అక్కడితో వదిలేశాం.

తండ్రి సూచన మీద చివర్లో ఒక స్వచ్ఛంద సంస్థ స్థాపించి వందలమందికి స్ఫూర్తినిచ్చినట్టు ఒక పేరా కూడా చేరబోయింది. అది జరగలేదు కాబట్టి చేరలేదు.

ప్రశ్నను విడగొట్టాం

రాయాలా వద్దా అని ఒకే ముడిగా ఉన్నంతసేపూ ఇంట్లో గొడవ తెగదని అర్థమైంది. ఆ ముడిలో మూడు పోగులున్నాయి. ఫైల్లో వివరణ లేకుండా ఏం మిగిలిపోతుంది? ఆ వివరణ ఇవ్వగలిగినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? ఆ రెండూ అయ్యాక ఈ అమ్మాయి గురించి చదివేవాళ్లకు ఇంకేం తెలియాలి?

మొదటిదానికి జవాబు సులభం. రెండు సీలు, ఒక డబ్ల్యూ. వాటికి కావాల్సింది కథ కాదు, కారణం. కామన్ యాప్‌లో అదనపు సమాచారం అని విడిగా ఒక పెట్టె ఉంటుంది. ఈ కేసు నాటికి దాని హద్దు 650 పదాలు. 2025-26 నుంచి దాన్ని 300కి తగ్గించి, సవాళ్లు, పరిస్థితుల గురించి 250 పదాలతో ఇంకో ఐచ్ఛిక ప్రశ్న పెట్టారు. మాకు అంత చోటు కూడా అక్కర్లేకపోయింది. అమ్మాయి ఇంగ్లీషులో రాసినదాని సారం ఇది:

"పదకొండో తరగతి మొదటి సెమిస్టర్‌లో ఆరోగ్య సమస్య వల్ల కొన్ని వారాలు తరగతులకు రాలేకపోయాను. అందుకే ఏపీ కెమిస్ట్రీ వదిలేశాను, రెండు సబ్జెక్టుల్లో గ్రేడ్లు తగ్గాయి. డాక్టర్ల పర్యవేక్షణలో చికిత్స తీసుకున్నాను. జనవరి నుంచి అన్ని కోర్సులూ చదువుతున్నాను. ఏపీ కెమిస్ట్రీ ఈ ఏడాది మళ్లీ తీసుకున్నాను."

ఇందులో విశేషణాలు లేవు, క్షమాపణ లేదు. చివరి వాక్యం అన్నిటికన్నా బలమైంది, ఎందుకంటే దాన్ని ట్రాన్స్‌క్రిప్ట్‌లో సరిచూసుకోవచ్చు.

డిప్రెషన్ అన్న పేరు పెట్టాలా అన్నదాని మీద చాలాసేపు నడిచింది. "పేరు చెప్పకపోతే నేను సిగ్గుపడుతున్నట్టు ఉంటుంది ఆంటీ" అంది అమ్మాయి. నేను చెప్పిందేమిటంటే, సిగ్గుపడటం లేదని నిరూపించుకోవడానికి ఈ పెట్టె సరైన చోటు కాదు. ఇక్కడ చదివే వ్యక్తి వెతుకుతున్నది ఈ గ్రేడ్లకు కారణం ఏమిటి, అది ఇప్పుడు అదుపులో ఉందా అని. రోగం పేరు ఆ రెంటికీ కొత్తగా ఏం జోడించదు. అలాగని పేరు రాస్తే కొంప మునుగుతుందనీ అనలేదు. నిర్ణయం తనదే అన్నాను. రెండు రోజులు ఆగి, ఆరోగ్య సమస్య అనే ఉంచింది.

రెండో పోగు స్కూల్ కౌన్సెలర్. ఇక్కడ పిల్లలు, తల్లిదండ్రులు తరచూ గమనించని సంగతి ఒకటుంది. సిఫార్సు లేఖలను చూసే హక్కు వదులుకుంటున్నట్టు విద్యార్థులు సాధారణంగా సంతకం చేస్తారు. అంటే కౌన్సెలర్ ఏం రాశారో తర్వాత చూసే వీలుండదు. ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు అన్నది లేఖ రాయకముందే మాట్లాడుకోవాలి. అమ్మాయి కౌన్సెలర్‌ని కలిసి, తను పెట్టెలో రాసినదే చూపించి, "మీరు కూడా ఈ మాటలే వాడండి, దీనికి మించి వద్దు" అని అడిగింది. ఆవిడ సరేనని, చికిత్స సమయంలో కూడా టీచర్లతో ఈ అమ్మాయి తనంతట తానే మాట్లాడుకుని పని పూర్తి చేసిందని ఇంకో వాక్యం రాయవచ్చా అని అడిగారు. పదిహేడేళ్ల పిల్ల తన గురించి తాను చెప్పుకుంటే డాంబికంగా వినిపించే మాట, పెద్దాళ్లు చెబితే సాక్ష్యమవుతుంది.

ప్రధాన ఎస్సే ఎలా దొరికింది

ఇక్కడికొచ్చేసరికి 650 పదాలూ ఖాళీ అయ్యాయి, అమ్మాయికి భయం పట్టుకుంది. ఇలాంటప్పుడు నేను గొప్ప సంఘటనలు అడగను. "నీకు ఎవరైనా దేనికోసమైనా మెసేజ్ పెడతారా?" అని అడిగాను. ఫోన్ తీసి ఆర్కెస్ట్రా టీచర్ మెసేజ్‌లు చూపించింది. అన్నీ ఒకే రకం: ఫలానా చిన్న వయొలిన్ మళ్లీ జారుతోంది, రేపు పొద్దున ఒకసారి చూస్తావా?

చలికాలంలో హీటర్ల వల్ల గదిలో గాలి పొడిబారుతుంది. చెక్క ముడుచుకుంటుంది. వయొలిన్ తల దగ్గర తీగలు చుట్టే చెక్క బిరడాలు వదులై జారిపోతాయి, శ్రుతి నిలవదు. స్కూల్ అద్దెకిచ్చే వయొలిన్లకు ఇది మరీ ఎక్కువ. ఈ అమ్మాయి బిరడా బయటికి లాగి, అరిగి మెరుస్తున్న చోట్లు చూసి, లిప్‌స్టిక్‌లాంటి కడ్డీతో మందు రాసి, తీగ చుట్టు గోడవైపు నెట్టేలా మళ్లీ చుట్టి, లోపలికి నొక్కుతూ తిప్పుతుంది. రెండో తీగ సరిచేస్తుంటే మొదటిది కొంచెం దిగుతుంది కాబట్టి నాలుగూ మళ్లీ చూసుకోవాలి. ఇదంతా నాకు చెబుతున్నప్పుడు ఆమె చేతులు గాల్లో తిరుగుతున్నాయి. మొదటి డ్రాఫ్ట్ గురించి మాట్లాడినప్పుడు ఆ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఈసారి క్రియల కింద గీతలు గీస్తే అన్నిటికీ కర్త తనే.

ఈ డ్రాఫ్ట్‌లోనూ ఒక వాక్యం మా ఇద్దరి మధ్య నలిగింది. "ఆ చలికాలం నేను వాయించలేదు, బిగించడం మాత్రం మానలేదు." తీసేయమన్నాను. జబ్బు మళ్లీ దొడ్డిదారిన లోపలికి వస్తోందని నా అభ్యంతరం. ఆమె ఒప్పుకోలేదు. "ఇది జబ్బు గురించి కాదు, నా గురించి" అంది. మళ్లీ చదివి చూస్తే ఆమె మాటే సరిపోయింది. అదనపు సమాచారం చదివినవాళ్లు రెంటినీ కలుపుకుంటారు. చదవనివాళ్లకు ఎస్సేలో ఏ లోటూ ఉండదు, ఏ సందేహమూ మిగలదు. ముసుగు డ్రాఫ్ట్‌కీ దీనికీ తేడా అదే. అది చదివేవాళ్లను ఊహించుకోమని అడుగుతుంది, ఇది అడగదు.

కాలిఫోర్నియా దగ్గర నిర్ణయం తిరగబడింది

అంతా కుదిరిందనుకుంటుండగా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అప్లికేషన్ వచ్చింది. దాని పద్ధతి వేరు. పెద్ద ఎస్సే ఉండదు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాల లోపు జవాబులు రాయాలి. మామూలుగా సిఫార్సు లేఖలు అడగరు. అంటే రెండో పోగు తెగిపోయింది. ఈ అమ్మాయి గురించి ఇంకెవరూ మాట్లాడరు. పైగా ఆ ఎనిమిదిలో ఒక ప్రశ్న, నువ్వు ఎదుర్కొన్న అతి పెద్ద సవాలు ఏది, దాన్ని దాటడానికి ఏ చర్యలు తీసుకున్నావు, అది నీ చదువు మీద ఎలా పడింది అని నేరుగా అడుగుతుంది.

కామన్ యాప్‌లో నేను వద్దన్న విషయాన్నే ఇక్కడ రాయమని నేనే సూచించాను. తల్లి తెల్లబోయారు. నా లెక్క ఇది: అడిగినదానికి జవాబు చెప్పడం, అడగనిదాన్ని ముందుకు తోయడం వేర్వేరు. ప్రశ్నే చర్యల గురించి అడుగుతోంది కాబట్టి వార్డు వర్ణనకు చోటే లేదు. నాలుగు జవాబుల్లో ఇది ఒకటి మాత్రమే, మిగతా మూడూ వేరే అమ్మాయిని చూపిస్తాయి, వయొలిన్లు వాటిలో ఒకటి. 350 పదాల జవాబంతా "ఆరోగ్య సమస్య" అంటూ నడిపితే ముసుగు డ్రాఫ్ట్ కథే మళ్లీ అవుతుంది. అందుకని మొదటి వాక్యంలోనే డిప్రెషన్ అన్న పేరు ఒక్కసారి రాసి, మిగతాదంతా చేసిన పనుల మీద పెట్టింది: ఏ టీచర్‌తో ఏం మాట్లాడింది, కెమిస్ట్రీ వదిలేయాలని ఎలా తేల్చుకుంది, తిరిగొచ్చాక వారాన్ని ఎలా పంచుకుంది, నిద్ర వేళలు ఎలా కాపాడుకుంది.

తల్లి పంపే ముందు చదువుతానన్నారు. ఆ ఒక్క జవాబు చూపించడానికి అమ్మాయి ఒప్పుకుంది. చదివాక ఆవిడ, "నిద్ర సంగతి నాకు తెలీదు" అన్నారు. మార్చమని మాత్రం అడగలేదు. ఆవిడకు ఇది నచ్చిందని చెప్పలేను.

ఫలితం, తర్వాత నేను మార్చుకున్నవి

కొన్నిచోట్ల సీటు వచ్చింది, కొన్నిచోట్ల రాలేదు. వచ్చిన చోట ఎస్సే వల్ల వచ్చిందనీ, రాని చోట దానివల్ల పోయిందనీ ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈ కేసు తర్వాత సున్నితమైన విషయంతో ఎవరొచ్చినా మొదట ట్రాన్స్‌క్రిప్ట్ చూస్తాను, డ్రాఫ్ట్ తర్వాత. గ్రేడ్లలో వివరించాల్సింది ఏమీ లేకపోతే, రాయాల్సిన అవసరం లేదన్న సంగతి పిల్లలకు ముందే చెబుతాను. చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. వివరించాల్సింది ఉంటే ముందు ఆ నాలుగైదు వాక్యాలు రాయిస్తాను, ఆ తర్వాతే ఎస్సే. బరువు అటు దిగిపోయాక కూడా పిల్లలు అదే విషయం మీద ఎస్సే రాస్తానంటే, అప్పుడు ఆపను. తర్వాత వచ్చిన ఒక అబ్బాయి విషయంలో అదే జరిగింది. తమ్ముడి జబ్బు చుట్టూ వాడి ఇష్టాలు, చదవాలనుకున్న కోర్సు, రోజువారీ పనులు అన్నీ పెనవేసుకుని ఉన్నాయి, దాన్ని తీసేస్తే వాడే మిగలడు. అయితే అక్కడ తమ్ముడి అనుమతి కావాల్సొచ్చింది, అది వేరే కేసు.

ఈ అమ్మాయి విషయంలో ఇంకో పని మిగిలింది. మే 1 లోపు ఒక కాలేజీని ఖరారు చేసుకున్నాక, వైకల్య సేవల ఆఫీసుకి ఈమెయిల్ పెట్టమన్నాను. పరీక్షకు అదనపు సమయం, కోర్సుల భారం తగ్గించుకునే వీలు లాంటివి కావాలంటే అక్కడ నమోదు చేసుకోవాలి, డాక్టర్ కాగితాలు ఇవ్వాలి. అది అడ్మిషన్ ఆఫీసుతో సంబంధం లేని విభాగం. అప్లికేషన్‌లో ఎంత రాసినా వాళ్లంతట వాళ్లు పిలిచి ఏర్పాట్లు చేయరు. అక్కడ రోగం పేరు, తేదీలు, మందులు అన్నీ కావాలి. ఆ ఫారం నింపుతున్నప్పుడు తల్లి పక్కనే కూర్చుని డాక్టర్ల పేర్లు, తేదీలు తనే చెప్పారట.